కారని డీజిల్, దూరే గాలి

బోటు నడిసముద్రంలో ఉంది. ఇంజిన్ కాసేపు తడబడింది, వేగం పడిపోయింది, ఆగిపోయింది. ట్యాంకులో డీజిల్ ఉంది. గొట్టాలన్నీ తడిమి చూస్తే ఎక్కడా చెమ్మ తగల్లేదు. బోటు అడుగున చేరిన నీళ్ల మీద డీజిల్ జిడ్డు కూడా లేదు. చుక్క కారనప్పుడు లీకు లేదనే ఎవరైనా అనుకుంటారు. లీకు ఉంది. అక్కడ డీజిల్ బయటికి రావడం లేదు, గాలి లోపలికి దూరుతోంది.

డీజిల్ ఇంజిన్‌ను నమ్ముకుని బతికేవాళ్లందరికీ ఈ జబ్బు తెలుసు. ‘ఎయిర్ పట్టింది’ అంటారు. లారీకి పడితే రోడ్డు పక్కన ఆపుకుని మెకానిక్ వచ్చేదాకా టీ తాగొచ్చు. బోటుకు ఆ వీలు లేదు. ఇంజిన్ ఆగిన బోటు అలకు అడ్డం తిరుగుతుంది, వల నీళ్లలో ఉంటే ఆ బరువు ఒకటి తోడు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో ఆ రెండు నెలలూ కట్టేసి ఉన్న బోట్లలో ఇంజిన్ తిరగదు. ఎక్కడ ఏ జాయింటు కాస్త వదులుగా ఉన్నా గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. నిషేధం ముగిశాక స్టార్టు చేయబోతే చాలాసార్లు మొదటి పని ఆ గాలిని తీయడమే.

దీనికి విరుగుడుగా ట్యాంకుకూ ఇంజిన్‌కూ నడుమ ఒక చిన్న ఎలక్ట్రిక్ బూస్టర్ పంపు పెట్టుకునే పద్ధతి పడవల వాళ్లలో ఉంది. అరచేతిలో పట్టే పరికరం, బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది. మంచి ఏర్పాటే. అయితే అది ఏం చేస్తుందో, ఏం చేయదో తెలియకుండా బిగించుకుంటే ఒక జబ్బు పోయి ఇంకొకటి తగులుకుంటుంది.

ముందు ఇంజిన్‌కు గాలంటే ఎందుకంత భయమో చూద్దాం. 100 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి బరువు లాగేటప్పుడు గంటకు సుమారు 19 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఆరు సిలిండర్లు, నిమిషానికి 2,000 చుట్లు అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకోసారి డీజిల్ పడుతుంది. అంటే నిమిషానికి 6,000 సార్లు, గంటకు 3,60,000 సార్లు. 19 లీటర్లను అన్ని భాగాలు చేస్తే ఒక్కోసారి పడేది మిల్లీలీటరులో 20వ వంతు. ఒకే ఒక్క చుక్క.

ఆ చుక్కను ఊరికే పోస్తే సరిపోదు. సిలిండర్‌లోని గాలి అప్పటికే 16 నుంచి 20 రెట్లు నలిగి, 500 డిగ్రీలు దాటిన వేడితో ఉంటుంది. దానికి ఎదురెళ్లి సన్నని తుంపరగా చెదరాలంటే పాత మెకానికల్ ఇంజిన్లలో కూడా 200 బార్ల అటూ ఇటూ పీడనం కావాలి. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనమంత. మెకానిక్‌లు ఎఫ్ఐపీ అని పిలిచే ఇంజెక్షన్ పంపు పని అదే: చుక్కను కొలవడం, నొక్కడం, సన్నని ఉక్కు గొట్టంలోకి తోయడం. గొట్టం చివర నాజిల్‌లో స్ప్రింగు అదిమిపెట్టిన సూది ఒకటి ఉంటుంది. ఆ పీడనం వస్తేనే అది లేచి దారి ఇస్తుంది.

గాలి దెబ్బ కొట్టేది ఇక్కడే. డీజిల్‌ను 200 బార్లతో నొక్కినా నూటికి ఒక వంతుకు కాస్త పైగా మాత్రమే కుంచించుకుంటుంది. గాలి సంగతి వేరు. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ప్రకారం పీడనం 200 రెట్లయితే దాని పరిమాణం 200వ వంతుకు పడిపోతుంది. ఉక్కు గొట్టంలో చుక్కంత బుడగ ఉందంటే, పంపు తోసిన చుక్క ఆ బుడగను నలపడానికే చెల్లిపోతుంది. నాజిల్ దగ్గర పీడనం పెరగదు, సూది లేవదు. పంపు వెనక్కి తగ్గగానే బుడగ మళ్లీ ఉబ్బుతుంది. స్టార్టర్‌తో ఎంతసేపు తిప్పినా బ్యాటరీ దిగిపోవడమే మిగులుతుంది.

చరిత్ర చూస్తే ఇదొక చిత్రం. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజిన్‌లో ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊదింది గాలే. దానికోసం ప్రతి ఇంజిన్‌కూ ఒక భారీ కంప్రెసర్ కావాల్సి వచ్చేది. అందుకే తొలినాటి డీజిల్ ఇంజిన్లు ఫ్యాక్టరీలకూ ఓడలకూ పరిమితమయ్యాయి. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపుల ఉత్పత్తి మొదలుపెట్టాక కంప్రెసర్ అవసరం తీరిపోయి, డీజిల్ ఇంజిన్ లారీల్లోకి, ట్రాక్టర్లలోకి, చిన్న బోట్లలోకి దిగింది. మన దేశంలో ఆ పంపులు మైకో పేరుతో తయారయ్యాయి. 1951లో ఏర్పడిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా పాత మెకానిక్‌ల నోట మైకో మాట ఇంకా పోలేదు. కంప్రెసర్ పోయింది గానీ దాంతోపాటు ఒక పట్టింపు వచ్చిపడింది. ఒకప్పుడు ఇంధనాన్ని మోసిన గాలి ఇప్పుడు బుడగంత కూడా పనికిరాదు.

సరే, ఆ గాలి దూరేదెలా? ఎఫ్ఐపీకి డీజిల్ అందించడానికి ఇంజిన్ మీదే ఫీడ్ పంపు ఒకటి ఉంటుంది. అది ట్యాంకు నుంచి డీజిల్‌ను పీల్చుకుంటుంది. పీల్చడం అన్నది మాటవరసకే. ఏ పంపూ ద్రవాన్ని లాగలేదు. పంపు తన ముందు పీడనాన్ని తగ్గిస్తుంది, ట్యాంకులోని డీజిల్‌ను వాతావరణం పైనుంచి నొక్కి ఆ చోటికి తోస్తుంది. పీల్చే పంపు నీళ్లను 10 మీటర్లకు మించి ఎత్తలేకపోతోందన్న చిక్కును గెలీలియో 1638 నాటి తన పుస్తకంలో ప్రస్తావించాడు. అసలు కారణం కొన్నేళ్లకే టోరిచెల్లి పాదరసపు గొట్టంతో తేలింది. వాతావరణం మోయగలిగేది 30 అంగుళాల పాదరసాన్ని, లేదా 10.3 మీటర్ల నీటిని. అంతే దాని సత్తువ.

మన రైతులకు ఈ సంగతి పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. గట్టు మీద మోటారు, నీటిమట్టం 25 అడుగుల కిందికి పోతే చేతులెత్తేస్తుంది. అందుకే నీళ్లు దిగినకొద్దీ మోటారును బావి లోపలికి దించుకునేవారు. సక్షన్ పైపు జాయింటు వదులైతే అక్కడ నీళ్లు కారవు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. బోర్లు వచ్చాక మోటారే అడుగుకు చేరింది. సబ్‌మెర్సిబుల్ పీల్చదు, తోస్తుంది. వందల అడుగుల లోతు నుంచి నీళ్లు పైకి రావడం ఆ మార్పు చలవే. బోటులో బూస్టర్ పంపు తెచ్చేదీ అదే మార్పు. అది ఉన్న చోటు నుంచి ఇంజిన్ దాకా పీల్చే గొట్టం తోసే గొట్టమవుతుంది.

నిజానికి బోటులో ఎత్తు పెద్ద సమస్య కాదు. డీజిల్‌ను ఒక మీటరు పైకి ఎత్తడానికి వాతావరణ పీడనంలో నూటికి 8 వంతులు చాలు. మిగతాది దారిలో ఖర్చయిపోతుంది: ట్యాంకులోని పీకప్ గొట్టం, దాని మీది వాల్వు, నీటిని వేరుచేసే ఫిల్టర్, వంపులు, ఎక్కడో నలిగిన రబ్బరు గొట్టం. ఫిల్టర్ పూడుకునేకొద్దీ పంపు ముందు శూన్యం పెరుగుతుంది. అది పెరిగితే ఇన్నాళ్లూ ఎలాగో పట్టుకుని ఉన్న రాగి వాషర్, ఎండిపోయిన ఓ-రింగ్, సగం బిగిన క్లిప్పు గాలికి దారి వదులుతాయి. అంతటితో అయిపోలేదు. డీజిల్‌లో కొంత గాలి ఎప్పుడూ కరిగే ఉంటుంది. పీడనం బాగా తగ్గితే అదీ బుడగలై బయటపడుతుంది. దీనికి లీకు కూడా అక్కర్లేదు.

సముద్రం మీద ఇది ఎప్పుడు ముదురుతుందో ముందే చెప్పొచ్చు. ఇంజిన్‌కు ఇరువైపులా నిలువు ట్యాంకులున్న బోటులో, అవి నిండుగా ఉన్నంతసేపూ డీజిల్ మట్టం పంపుకు పైనే ఉంటుంది, బరువుతోనే దిగి వస్తుంది. వేట సాగి ట్యాంకు తగ్గేకొద్దీ మట్టం పంపు కిందికి జారుతుంది, అక్కడి నుంచి పీల్చుకోవాల్సిందే. ఆ వేళ గాలి లేచి బోటు ఊగితే ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టర్‌లో పడుతుంది. పీకప్ గొట్టం మూతి ఒక్కోసారి డీజిల్ వదిలి పైకి తేలుతుంది. రేవులో పది నిమిషాలు నడిపినప్పుడు ఏ లోపమూ చూపని ఇంజిన్ వాతావరణం పాడైన రాత్రే ఆగిపోవడంలో గ్రహచారం పాత్రేమీ లేదు.

గాలి పట్టాక తీయడం ఒక తతంగం. ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేయాలి. ఫీడ్ పంపు మీది చేతి ప్రైమర్‌ను కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి ఎడతెగని డీజిల్. అప్పుడు స్క్రూ బిగించి, ఎఫ్ఐపీ మీది స్క్రూ దగ్గర మళ్లీ అదే పని. అప్పటికీ స్టార్టు కాకపోతే నాజిళ్ల దగ్గర ఉక్కు గొట్టాల నట్లు వదులు చేసి ఇంజిన్‌ను తిప్పాలి. (ఆ చిమ్ముకు చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ పీడనంలో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.) ఇదంతా ఊగే బోటులో, కాలే ఇంజిన్ పక్కన, టార్చి వెలుగులో చేయాలి. ప్రైమర్ అరిగిపోయి ఉంటే ఎంత కొట్టినా నురగే.

బూస్టర్ పంపు ఉంటే స్విచ్ వేసి స్క్రూ వదులు చేయడమే. డీజిల్ తనంతట తాను వచ్చి గాలిని ముందుకు నెట్టేస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నా మట్టుకు ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఆ పంపు పెట్టుకోవచ్చు. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ పనికొస్తుంది. ఫీడ్ పంపు పాడైతే బోటును రేవుకు చేర్చేదీ అదే.

దాని అసలు గొప్పతనం మాత్రం ఇంకోచోట ఉంది. పంపు తోయడం మొదలుపెట్టగానే అక్కడి నుంచి ఇంజిన్ దాకా ఉన్న గొట్టమంతా బయటి గాలి కన్నా ఎక్కువ పీడనంలోకి వస్తుంది. ఇంతకాలం గాలిని లోపలికి రానిచ్చిన జాయింటు ఇప్పుడు డీజిల్‌ను బయటికి వదులుతుంది. జాయింట్లన్నీ గుడ్డతో తుడిచి, పంపు వేసి, కాసేపు ఆగి వేలితో తడిమితే దొంగ దొరికిపోతాడు. నెలల తరబడి దొరకని లీకు ఒక పూటలో తేలుతుంది.

పంపును ఎక్కడ బిగించాలన్న దాని మీద మెకానిక్‌లలో ఏకాభిప్రాయం లేదు. ట్యాంకును ఆనుకుని పెడితే గొట్టం దాదాపు మొత్తం తోసే వైపుకు వస్తుంది, గాలి దూరే చోటే ఉండదు. సబ్‌మెర్సిబుల్ తర్కం ప్రకారం అదే సరి. చిక్కల్లా నీళ్లతో. డీజిల్‌లో నీటిబొట్టు పెద్దదిగా ఉంటే ఫిల్టర్ గిన్నెలో తేలిగ్గా కిందికి దిగుతుంది. పంపు దాన్ని ముందే చిలికి సన్నని బిందువులు చేస్తే, అవి డీజిల్‌తో కలిసిపోయి ఫిల్టర్ దాటే ప్రమాదం ఎక్కువ. ఎఫ్ఐపీ ప్లంజర్లకు నూనె బదులు డీజిలే జారుడు ఇవ్వాలి, నీళ్లు తగిలితే అవి గీసుకుపోతాయి. సముద్రం మీద తిరిగే బోటులో నీటి భయం ఎప్పుడూ ఉండేదే కాబట్టి నీటిని వేరుచేసే ఫిల్టర్ తర్వాత, సన్న ఫిల్టర్‌కు ముందు పెట్టడమే మేలని నా అభిప్రాయం. అప్పుడు ట్యాంకు నుంచి మొదటి ఫిల్టర్ దాకా ఉన్న ముక్క పీల్చే వైపే మిగిలిపోతుంది. ఆ ముక్కను పొట్టిగా, జాయింట్లు తక్కువగా ఉంచుకోవాలి, ఫిల్టర్ మూత ఓ-రింగ్‌ను ప్రతి మార్పుకూ కొత్తది వేయాలి.

పంపు ఎంపికలో గమనించాల్సింది, ఆపి ఉన్నప్పుడు అది డీజిల్‌ను తనగుండా పోనిస్తుందా లేదా అన్నది. ప్లంజర్ కొట్టుకునే చిన్న పంపుల్లో చాలావాటి కవాటాలు ఒకే దిక్కుకు తెరుచుకుంటాయి. కరెంటు లేకపోయినా ఇంజిన్ ఫీడ్ పంపు వాటిలోంచి లాగేసుకుంటుంది. పళ్ల చక్రాలతో తిరిగే రకం ఆగిపోతే దారికి అడ్డం పడుతుంది. అలాంటిదైతే పక్కనుంచి ఇంకో గొట్టం, అందులో ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉండి తీరాలి. లేకపోతే ఒక ఫ్యూజు పోయినందుకు నడుస్తున్న ఇంజిన్ ఆగిపోతుంది.

పీడనం విషయంలో ఎక్కువైతే మంచిదనుకునే పొరపాటు మామూలే. చిన్న ఇంజిన్లకు 0.3 నుంచి 0.5 బార్ చాలు. పెట్రోలు కార్ల ఇంజెక్షన్ పంపు చవగ్గా దొరికింది కదా అని తెచ్చి బిగిస్తే అది 3 బార్ల దాకా తోస్తుంది, సీళ్లు తట్టుకోవు. ప్రవాహం మాత్రం ధారాళంగా ఉండాలి. గంటకు 19 లీటర్లే కాలినా, అంతకు ఎక్కువే ఎఫ్ఐపీ గుండా తిరిగి, దాన్ని చల్లబరిచి, చిన్నాచితకా బుడగల్ని కూడా మోసుకుని రిటర్న్ గొట్టంలో ట్యాంకుకు వెళ్లిపోతుంది. గంటకు 100 లీటర్ల పైన తోసే పంపుకు 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల లోపు కరెంటు సరిపోతుంది. కామన్ రైల్ ఇంజిన్ల దగ్గర ఈ సొంత తెలివి పనికిరాదు. లోపలికి ఎంత పీడనంతో డీజిల్ రావాలో తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు.

చిన్న ఇంజిన్లలో ఫీడ్ పంపు రబ్బరు పొరతో పనిచేసే రకమైతే ఇంకో గండం ఉంది. ఆ పొర చిరిగితే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. మామూలుగా కొద్దికొద్దిగా దిగేది, వెనక నుంచి బూస్టర్ తోస్తుంటే ధారగా దిగుతుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు పోతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందంటే అనుమానించాల్సింది దీన్నే.

అన్నిటికన్నా నేను భయపడేది నిప్పుకు. పీల్చే గొట్టం తెగితే ఇంజిన్ ఆగుతుంది, అంతే. తోసే గొట్టం తెగితే, ఇంజిన్ ఆగినా పంపు డీజిల్‌ను కక్కుతూనే ఉంటుంది. డీజిల్‌కు తనంతట తాను అంటుకోవడానికి 250 డిగ్రీల ప్రాంతం చాలు, చల్లబరచని ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ అంతకు మించి కాలుతుంటుంది. కాబట్టి పంపు కరెంటు ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండా వెళ్లాలి. ఇంజిన్ ఆగి ప్రెషర్ పడిపోగానే పంపు కూడా ఆగిపోవాలి. ఎయిర్ తీసేటప్పుడు వాడుకోవడానికి, వేలు తీయగానే ఆగిపోయే బటన్ ఒకటి విడిగా పెట్టుకోవచ్చు. పారదర్శక ప్లాస్టిక్ గొట్టాలను ఇంజిన్ గదిలోకి రానివ్వకూడదు. ఐఎస్‌ఓ 7840 ప్రమాణపు ఇంధన గొట్టం మంటలో రెండున్నర నిమిషాలు నిలవాలి, ట్యాంకు వాల్వు కట్టేయడానికి ఆ సమయం చాలు. జాయింట్లకు తెల్ల టేపు చుట్టడమూ మానాలి, దాని పీలికలు లోపలికి పోయి పంపు కవాటంలో ఇరుక్కుంటాయి.

ఇక చివరి అభ్యంతరం. బూస్టర్ పంపు జబ్బును దాచిపెట్టగలదు. పూడిపోయిన ఫిల్టర్ ముందు ఇంజిన్ ఫీడ్ పంపు ఎప్పుడో చేతులెత్తేసి హెచ్చరించేది, బలమైన పంపు ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఆ పూడికకు మూలం ట్యాంకులో ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి ఆవిరి నీరై అడుగున చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో హార్మోకోనిస్ రెసినే అనే బూజు పెరుగుతుంది. డీజిలే దాని తిండి. నల్లటి జిగురు పొరగా ఫిల్టర్‌ను కప్పేస్తుంది. వేట నిషేధం రెండు నెలలూ దానికి పండగే. ట్యాంకు నిండుగా ఉంచితే, అడుగు నీళ్లు తీసేస్తే దాన్ని చాలావరకు ఆపొచ్చు. ఈ పని ఏ పంపూ చేయదు.

అందుకని బోటు యజమానులకు నా సలహా: బూస్టర్ పంపు కొనే ముందు ఒక వాక్యూమ్ గేజీ కొనండి. నీటిని వేరుచేసే ఫిల్టర్ దాటాక, పంపుకు ముందు బిగించండి. దాని ముల్లు ఇప్పటికీ టోరిచెల్లి పాదరసపు అంగుళాల్లోనే లెక్క చెబుతుంది. కొత్త ఫిల్టర్ వేసిన రోజు పూర్తి వేగంలో ఎంత చూపిందో గోడ మీద రాసిపెట్టుకోండి. అది నెలనెలా మెల్లగా పెరుగుతుంటే ఫిల్టర్ పూడుతోంది, 7 నుంచి 10 అంగుళాల మధ్యకు వస్తే మార్చేయండి. ముల్లు ఉన్నచోటే ఉండి ఇంజిన్ మాత్రం తడబడుతుంటే వెతకాల్సింది గాలి లీకు కోసం. ఈ రెండూ సరిచేశాక బిగించిన బూస్టర్ పంపు ఏళ్ల తరబడి పనికొస్తుంది. నిషేధం రోజుల్లో బోటు ఎలాగూ రేవులోనే ఉంటుంది కాబట్టి పని అప్పుడే మొదలుపెట్టండి, జూన్ 14 రాత్రికి వాయిదా వేయకండి.